గాజు ఇంటికి గిరాకీ

ఏప్రిల్ 6, ఆదివారం

ఇంటి ముందు బోర్డు పాతారు. పాతింది మార్షా నికల్. స్కూల్లో నా వెనక బెంచీలో కూర్చునేది, ఇప్పుడు మా ఊరు టానర్స్ కోవ్‌లో ఏ ఇల్లు అమ్మాలన్నా తనే. నేల ఇంకా గడ్డకట్టి ఉంది, గునపం దిగలేదు. ఆమె అవస్థ చూడలేక నేనే వెళ్ళాను. నా ఇల్లు అమ్మకానికి ఉందని చెప్పే బోర్డుకి నేనే గొయ్యి తవ్వాను.

తవ్వుతుంటే నా భార్య లినెట్ పైనుంచి చూస్తోంది. ఈ ఇంట్లో ఎవరు ఎక్కడున్నా కనిపిస్తారు. సముద్రం వైపు గోడే లేదు, అంతా అద్దం. రంగురంగుల చెక్క ఇళ్ళ ఊళ్ళో ఇదొక్కటే నల్లగా, నున్నగా, పెట్టెలా కూర్చుంటుంది. ఊళ్ళో వాళ్ళు దీన్ని అక్వేరియం అంటారు. కొత్తలో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు నేనూ అలాగే అంటున్నాను.

ఇల్లు అమ్ముడయ్యేదాకా ఇద్దరం ఇక్కడే. లినెట్ పైన, నేను కింద చుట్టాల గదిలో. మా అమ్మాయి బ్రిన్ తన గదిలో తను. వంటిల్లు అందరిదీ. ఇల్లు పోయాక విడాకుల సంతకాలు, ఎవరి కొంప వాళ్ళది. బ్రిన్‌కి పదహారేళ్ళు, ఎక్కడుండాలో అదే తేల్చుకుంటుంది.

ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. అది మంచి విషయం. చాలామందికి ఆ మాత్రం కూడా ఉండదు.

ఏప్రిల్ 12, శనివారం

మొదటి బేరం. టొరంటో నుంచి మొగుడూ పెళ్ళాం.

ఇల్లు చూపించేటప్పుడు ఇంటివాళ్ళెవరూ ఉండకూడదని మార్షా ఖచ్చితంగా చెప్పింది. లినెట్ తన మందుల షాపుకి వెళ్ళిపోయింది. బ్రిన్ స్నేహితురాలు టెస్ వాళ్ళింటికి పోయింది. నేను గరాజులో ఉన్నాను. గరాజు ఇల్లు కాదు కదా. పైగా చేపలు పట్టే హెర్మన్ పడవ మోటారు రిపేరుకి విప్పి పెట్టుకున్నాను, సగంలో వదిలి ఎక్కడికి పోను?

ఆయన గరాజులోకి వచ్చాడు. "చలికాలంలో ఎలా ఉంటుందండీ ఇక్కడ?" అన్నాడు.

అడిగాడు కాబట్టి చెప్పాను. జనవరిలో ఈశాన్యపు గాలి కొడితే ఆ పెద్ద అద్దం ఊపిరి పీల్చి వదిలినట్టు లోపలికీ బయటికీ ఆడుతుందని చెప్పాను. ప్రమాదం ఏమీ లేదని కూడా చెప్పాను. చివర్లో చెప్పాను.

ఏప్రిల్ 14

టొరంటో వాళ్ళు వద్దన్నారు.

ఏప్రిల్ 26, శనివారం

ఈసారి రిటైరైన టీచర్లు, ఇద్దరూ పెద్దవాళ్ళు. మంచివాళ్ళు. ఆవిడ గరాజు గుమ్మంలో నిలబడి, "ఎండాకాలం ఇక్కడ స్వర్గంలా ఉంటుందేమో బాబూ" అంది.

జూన్ నెలంతా పొగమంచని చెప్పాను. మంచు పట్టినప్పుడల్లా పడవలకి దారి తెలియడానికి రేవులో బూర మోగుతుందనీ, అది ఈనలేక అరిచే ఆవు గొంతులా ఉంటుందనీ, అలవాటైతే ఏం కాదనీ చెప్పాను. మాకైతే అలవాటైంది.

సాయంత్రం మార్షా ఫోను.

"డారెల్, నీకో దండం. నువ్వు ఇల్లు అమ్ముతున్నావా, దయ్యాల కథలు చెప్తున్నావా?"

"వాళ్ళు అడిగారు."

"అడుగుతారు! అడగడానికే వస్తారు! నీ జవాబు కోసం కాదు, నా జవాబు కోసం. ఈసారి ఎవరైనా వచ్చినప్పుడు నువ్వు గరాజులో కనిపించావంటే తాళం వేసి పోతాను, చూస్కో."

మార్షా ఎప్పుడూ అంతే, గోరంత విషయానికి కొండంత గోల. మార్కెట్టే మందకొడిగా ఉంది. హెర్మన్ కూడా అదే అన్నాడు.

మే 11, ఆదివారం

మదర్స్ డే. బ్రిన్ పొద్దున్నే లేచి పాన్‌కేకులు వేసింది. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని చాలా రోజులైంది.

"సిరప్ ఇటిస్తావా డారెల్, ఏమీ అనుకోకపోతే?"

"అయ్యో, దాందేముంది. తీసుకో."

"థాంక్యూ."

"పర్లేదు. కాఫీ ఇంకొంచెం పొయ్యనా?"

"వద్దు, చాలు. అడిగినందుకు థాంక్స్."

అద్దం అవతల సముద్రం మెరుస్తోంది. ఎంత హాయిగా ఉందో. అమ్మేసే ఇంట్లో కూడా ఇంత మర్యాదగా ఉండొచ్చని ఎవరికైనా చూపించాలనిపించింది.

బ్రిన్ ఏమీ తినకుండా లేచి వెళ్ళింది. ఆ వయసులో ఆకలి ఎప్పుడు వేస్తుందో ఎవరికి తెలుసు.

మే 17, శనివారం

హాలిఫాక్స్ నుంచి ఒక డాక్టరు వచ్చాడు. భార్యా, చిన్న పాపా కూడా. మార్షా నన్ను ముందే తరిమేసింది. నేను రేవుకే వెళ్ళాను. తిరిగొస్తుంటే ఆయన ఒక్కడూ ఇంటి పక్కన, సముద్రం వైపు కొండ అంచున నిలబడి ఫొటోలు తీసుకుంటున్నాడు. పలకరించకుండా పోతే బాగుండదు కదా.

ఆయనకి ఇల్లు నచ్చింది. మొహంలోనే తెలుస్తోంది. "మా పాప గది కూడా అనుకున్నాం, ఆ నీలం తలుపుది" అన్నాడు.

నీలం తలుపు బ్రిన్ గది.

నేను కాలితో అంచు మీద మట్టిని తన్నాను. ఒక పెళ్ళ ఊడి కిందికి దొర్లింది. "ఏటా కొంత పోతూనే ఉంటుందండీ. సముద్రం ఎవరి మాటా వినదు" అన్నాను. ఇంటిదాకా రావడానికి ఎంతకాలం పడుతుందని అడిగాడు. చెప్పలేమన్నాను.

అబద్ధం కాదు. చెప్పలేం. ఎవరు మాత్రం చెప్పగలరు?

వాళ్ళ కారు వెళ్ళిపోయాక చూస్తే బ్రిన్ మెట్ల మీద కూర్చుని ఉంది. ఎప్పట్నుంచి ఉందో.

మే 18, ఆదివారం

బ్రిన్ అన్న మాటలు అన్నట్టే రాసుకోవాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

నేను గరాజులో ఉండగా వచ్చి తలుపు మూసింది.

"నాన్నా, ఇల్లు రాతి మీద కట్టారు. పునాది రాయిలోకి దించారు. నువ్వే నాకు వందసార్లు చెప్పావు. నిన్న ఆ డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"ఆయన పునాది గురించి అడగలేదురా."

"నాన్నా!"

చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టాను.

"టొరంటో వాళ్ళకి గాలి. ఆ టీచరమ్మకి బూర. ఇప్పుడు కొండ. నువ్వు ఇల్లు అమ్ముడవకుండా చేస్తున్నావు. అమ్మకీ తెలుసు. పాపం అనుకుని ఊరుకుంటోంది."

"ఇదంతా నీకోసమే కదా బ్రిన్. నువ్వు పుట్టి పెరిగిన..."

"నేను పుట్టింది ఇక్కడ కాదు. పాత ఇంట్లో. నాకోసం అనకు. నాకు ఇక్కడ ఊపిరాడట్లేదు. మీరిద్దరూ థాంక్యూ, పర్లేదు, ఏమీ అనుకోకు... నేను గ్లాసు కింద పెడితే ఆ చప్పుడుకి మీరిద్దరూ నా వంక చూస్తారు. నేను బాగానే ఉన్నానా అని. రోజంతా నేను బాగానే ఉండాలి! నేను ఏడిస్తే మీరు ఇంకో ఏడాది ఇలాగే ఉండిపోతారని భయంతో ఏడవడం కూడా మానేశాను."

ఇలా అంటూనే ఏడ్చింది. దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇల్లు అమ్మేదాకా నేను టెస్ వాళ్ళింట్లో ఉంటాను. వాళ్ళమ్మ సరేనంది. కావాలంటే అమ్మనడుగు."

బ్యాగు అప్పటికే సర్దుకుని ఉంది.

మే 19

బ్రిన్ రాలేదు.

మే 20

బడి వదిలే వేళకి బండి తీసుకుని వెళ్ళాను. నన్ను చూసి చెయ్యి ఊపింది. టెస్‌తో కలిసి బస్సెక్కింది. కోపంగా ఊపలేదు. మామూలుగానే ఊపింది. కోపంగా ఊపినా బాగుండేది.

మే 21, బుధవారం

అద్దాల మీద ఉప్పు పేరుకుపోయింది. వారానికోసారి మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే పాలు ఒలికినట్టు అయిపోతాయి. ఎప్పుడూ నా పనే అది. ఇవాళ షాపు నుంచి వచ్చి లినెట్ కూడా గుడ్డ పట్టుకుంది. నేను పైపుతో కొడుతుంటే ఆమె తుడిచింది. 

తర్వాత తనే మొదలెట్టింది. "ఈ అద్దం వచ్చిన రోజు గుర్తుందా? లారీ మలుపు తిరగలేక మన చర్చి గేటు గుద్దేసింది."

"పాస్టరు ఏమీ అనలేకపోయాడు. అద్దం పగల్లేదని నువ్వు ఆయన్నే కావలించుకున్నావుగా."

ఇద్దరం నవ్వాం. నిజంగా నవ్వాం.

"ఈ ఇల్లు కట్టినన్నాళ్ళూ మనం చాలా బాగున్నాం డారెల్" అంది. "పొద్దున లేస్తే కిటికీల గురించి మాట్లాడుకునేవాళ్ళం. పడుకునేటప్పుడు మెట్ల గురించి. నేలకి ఏ చెక్క వెయ్యాలని ఒక వారమంతా పోట్లాడుకున్నాం. ఇల్లు అయిపోయింది. సామాన్లు సర్దాం. ఆ మర్నాడు కాఫీ తాగుతూ కూర్చుంటే నాకు నీతో మాట్లాడటానికి ఒక్క మాట దొరకలేదు. నీకు?"

నేను పైపు కట్టేశాను.

నాకూ దొరకలేదు. ఆ పొద్దున నాకు బాగా గుర్తుంది. సముద్రం చాలా బాగుంది కదా అన్నాను. అవునంది. అప్పట్నుంచి మేం సముద్రం గురించే మాట్లాడుకుంటున్నాం.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఇంత ఇల్లు కట్టాక ఎలా చెప్తాం? ఊరంతా చూస్తుంటే."

మళ్ళీ గుడ్డ పిండుకుని తుడవడం మొదలెట్టింది. కొంచెంసేపయ్యాక, వెనక్కి తిరక్కుండానే అంది. "నాకు నీ మీద కోపం లేదనడం అబద్ధం. ఉంది. నువ్వు ఆ డాక్టర్ని పంపేశావని తెలిసినప్పుడు నీ టూల్ బాక్సు తీసుకెళ్ళి కొండ మీంచి తోసేద్దామనుకున్నాను. గరాజు దాకా వెళ్ళాను కూడా."

"మరి తొయ్యలేదేం?"

"మొయ్యలేకపోయాను."

ఈ ఇల్లు ఉన్నంతకాలం మేం ముగ్గురం ఒక కుటుంబమే అనుకున్నాను. ఇలా ఎప్పుడూ మాటల్లో అనుకోలేదు. అనుకుంటే ఎంత తెలివితక్కువగా ఉందో తెలిసిపోయేది. మేం పైనొకరూ కిందొకరూ, కూతురు ఊళ్ళో వాళ్ళ ఇంట్లో.

పడుకునే ముందు మార్షాకి మెసేజ్ పెట్టాను. ఇకమీద ఎవరొచ్చినా నేను ఊళ్ళోనే ఉండను అని. బొటనవేలి బొమ్మ పంపింది. వెంటనే ఇంకోటి పంపింది, "నమ్మను" అని.

మే 31, శనివారం

లాబ్‌స్టర్ వేట సీజను ఇవాళ్టితో సరి. పడవలన్నీ ఒడ్డుకొచ్చేశాయి. ఇక అందరి ఇంజన్లూ నా నెత్తి మీదే. మంచిదే.

ఇల్లు చూడ్డానికి ఎవరూ రావట్లేదు. నేను ఎవరినీ ఏమీ అనకపోయినా రావట్లేదు. మార్కెట్టు మందకొడిగా ఉందని నేనే కదా అన్నాను. ఇప్పుడు నిజంగానే అలా ఉందేమోనని భయంగా ఉంది.

జూన్ 7, శనివారం

ఇవాళ జరిగింది వివరంగా రాయాలి.

పొద్దున్నుంచీ పొగమంచు. ఎదురుగా చెయ్యి పెడితే కనిపించట్లేదు. బూర అరుస్తూనే ఉంది. ఇలాంటి రోజున ఇల్లు చూపించకూడదు. కానీ వాళ్ళకి కుదిరేది ఈ రోజేనట. మకరాయెగ్ అని ఫిలిప్పీన్స్ వాళ్ళు. రోవేనా పక్కనున్న బ్రిడ్జ్‌వాటర్ ఊరి ఆస్పత్రిలో నర్సు, భర్త ఎడ్గార్డో చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు మేస్త్రీ. ఆమె తమ్ముడూ, ముగ్గురు పిల్లలూ, ఆమె తల్లీ అందరూ కలిసి కొనుక్కుంటారట.

నేను మాటిచ్చినట్టే బండెక్కాను. గేటు దాటబోతుంటే వాళ్ళ వ్యాను ఎదురొచ్చింది. మంచులో దారి కనపడక కుడి చక్రం కాలవలోకి దిగిపోయింది. ఇక దిగకుండా ఎలా? తాడు కట్టి నా బండితో లాగాను. పిల్లలు ముగ్గురూ ఇది ఈ ఊరి ఆట అనుకుని చప్పట్లు కొట్టారు.

మార్షా గుమ్మంలో నిలబడి నా వంక చూసిన చూపు ఆ మంచులో కూడా కనపడింది.

"ఇల్లు మీదేనా?" అంది రోవేనా, బురద చేతులు తుడుచుకుంటూ. "అయితే మీరే చెప్పండి. ఆవిడ అన్నీ మంచే చెప్తుంది, అది ఆవిడ పని. మీరు నిజం చెప్పండి. ఈ ఇంట్లో ఏం బాగోలేదు?"

 ఇన్నాళ్ళూ అడక్కపోయినా చెప్పానే, ఇప్పుడు అడిగితే నోరు రావట్లేదు. చెప్తే వెళ్ళిపోతారు. వీళ్ళూ వెళ్ళిపోతే బ్రిన్ ఎప్పుడొస్తుంది?

కానీ ఆమె నా మొహంలోకి చూస్తోంది. పిల్లల తల్లి.

చెప్పాను. జనవరి గాలి గురించీ, అద్దం ఊగడం గురించీ చెప్పాను. ఉప్పు కడగాలని చెప్పాను. బూర గురించి చెప్పక్కర్లేకపోయింది, అదే చెప్పుకుంటోంది. పెద్ద తుపాన్లలో కొండ అంచు రాలుతుందనీ, కానీ ఇల్లు రాతి మీద ఉందనీ, పునాదికి రాయి తొలిచినప్పుడు నేను పక్కనే ఉన్నాననీ చెప్పాను. కావాలంటే ఇంజనీర్ని పిలిపించి చూపించుకోమన్నాను.

రోవేనా అంతా విని, వాళ్ళమ్మకి వాళ్ళ భాషలో చెప్పింది. ఆ ముసలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఏదో అంది. అందరూ పగలబడి నవ్వారు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"మా ఊరు కటాండువానెస్ అని, తుపాన్ల దీవి. ప్రతి ఏడూ మా పైకప్పు పక్కూరికి పోయేది. వెతుక్కుని తెచ్చుకునేవాళ్ళం. మా అమ్మ అడుగుతోంది, గాలికి అద్దం ఊగుతుందే గానీ ఊడిపోదు కదా, అయితే బాగోలేనిది ఏంటి అని."

మార్షా గోడకానుకుని కూర్చుండిపోయింది.

ముసలావిడ లోపలికి నడిచింది. అద్దాల వైపు చూడనేలేదు, బయట తెల్లటి మంచు తప్ప ఏముంది కనుక. నేరుగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద చెయ్యి వేసి, ముక్కు ఎగబీల్చి రోవేనాతో ఏదో అంది.

"ఇక్కడ ఎప్పుడైనా చేపలు వేయించారా అని అడుగుతోంది. వాసనే లేదంటుంది."

లేదు. కొత్త వంటిల్లు పాడవుతుందని లినెట్ అంది, నేనూ అదే అన్నాను, ఎన్నడూ వేయించలేదు. సముద్రం ఒడ్డున ఉంటూ చేపలు హోటల్లో తిన్నాం.

"గరాజులో ఇంకో పొయ్యి పెట్టుకోవచ్చా?" అంది రోవేనా. "మాకు ఘాటు వంటలకి వేరే వంటిల్లు ఉంటుంది."

"గాలి పోవడానికి వెనక కిటికీ ఉంది. గ్యాసు లైను లాగడం తేలిక, నేను లాగిస్తాను" అన్నాను. అనేశాక తెలిసింది, ఎంత సంతోషంగా అన్నానో.

ఈలోగా పిల్లలు ముగ్గురూ పైన ఏ గది ఎవరిదని కొట్టుకుంటున్నారు. నీలం తలుపు ధడేల్మని మూసుకుంది. తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. ఎడ్గార్డో కింద నుంచి ఒక్క కేక పెట్టాడు. పైనుంచి ముగ్గురూ కలిసి జవాబు కేక పెట్టారు. ఇల్లంతా మోగిపోయింది. ఈ ఇల్లు ఇంత బాగా మోగుతుందని నాకు తెలీదు.

జూన్ 10, మంగళవారం

కొంటామన్నారు. ఇంజనీరు కూడా చూసి వెళ్ళాడు. లినెట్‌కి నేనే షాపుకి వెళ్ళి చెప్పాను. కౌంటరు దగ్గర ఇద్దరు ముసలమ్మలు వరసలో ఉన్నారు. "అమ్ముడైంది" అన్నాను. మందు సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడి, కళ్ళు తుడుచుకుని, "రోజుకి రెండుసార్లు, భోజనం తర్వాత" అంది, ముందున్న ముసలమ్మతో.

బ్రిన్‌కి ఫోన్ చేశాను.  "నిజంగానా? మళ్ళీ వాళ్ళకేం చెప్పలేదుగా?" అంది.

"అంతా చెప్పాను."

"నాన్నా!"

"అయినా కొంటున్నారు."

జూన్ 11

బ్రిన్ వచ్చింది. బ్యాగు తలుపు దగ్గరే పడేసి ఫ్రిజ్ తెరిచింది.

ఆగస్టు 1, శుక్రవారం

తాళాలు ఇచ్చేశాను. అద్దం ఎలా కడగాలో ఎడ్గార్డోకి చూపించాను. గరాజులో రెండో పొయ్యి వెలిగించి, అది అందరికంటే ముందు ముసలావిడకి అప్పగించాను. ఆవిడ నా చెంప మీద తట్టింది.

విడాకుల సంతకాలు కూడా అయిపోయాయి. లినెట్ షాపు వెనక చిన్న ఇల్లు తీసుకుంది. నేను రేవు వీధిలో, వలలమ్మే కొట్టు మీద రెండు గదులూ ఒక వంటిల్లూ. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. అబ్బ, ఎంత హాయిగా ఉందో. చూడ్డానికి ఏమీ లేదు, బాగుందని ఎవరూ అనక్కర్లేదు. బ్రిన్ ఒక వారం నా దగ్గర, ఒక వారం అక్కడ. తనే తేల్చుకుంది.

నేను ఏడుస్తాననుకున్నాను. ఆకలేసింది. రెండు చేపలు వేయించుకుని తిన్నాను. ఇల్లంతా వాసన.

ఆగస్టు 10, ఆదివారం

బ్రిన్ ఇవాళ జుట్టుకి ఊదారంగు వేసుకుంది. బాత్‌టబ్బు, గోడ, నా తెల్ల తువ్వాలు, అన్నీ ఊదారంగే. ఓనరు చూస్తే చంపేస్తాడు. నాకు తిక్క రేగి అరిచాను.

"కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని తెలీదా? అద్దె ఇల్లు ఇది!"

"తుడుస్తానన్నాగా! ఎందుకంత అరుస్తావు?"

"అరవనా? ఆ తువ్వాలు చూడు!"

"తువ్వాలే నీ ప్రాణమా? ఇది నా ఇల్లు కూడా!"

తలుపు ధడాల్మని వేసుకుంది. కింద కొట్టు ముసలాయన చీపురు కర్రతో కప్పు మీద పొడిచాడు. నేను నడవలో నిలబడ్డాను. ఊదారంగు నీళ్ళు తలుపు కిందనుంచి కారి నా కాళ్ళ దాకా వచ్చాయి.

మధ్యాహ్నం లినెట్ ఫోన్ చేసింది.

"అరుచుకున్నారటగా?"

"అవును."

"అదీ అరిచిందా?"

"తలుపు కూడా వేసుకుంది. గట్టిగా."

 "అమ్మయ్య" అంది లినెట్.